దగ్గు రాకపోతే మింగుడు బాగున్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్న నాకు, పక్షవాతం వచ్చిన పెద్దవారిని వెంటబెట్టుకొని వచ్చే కుటుంబాల నుంచి తరచూ వినిపించే మాట ఒకటుంది: "తినేటప్పుడు దగ్గు రావడం లేదు మేడం, మింగుడు మంచిగనే ఉంది." అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే.

ఆహారం గానీ నీరు గానీ శ్వాసనాళంలోకి జారినప్పుడు దగ్గు రావాలంటే అక్కడి స్పర్శ సరిగా పనిచేయాలి. పక్షవాతం, పార్కిన్‌సన్స్ (వణుకుడు జబ్బు), డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారిలో ఆ స్పర్శ మొద్దుబారవచ్చు. అప్పుడు చాయ్ గుక్క ఊపిరితిత్తుల వైపు దిగిపోతున్నా మనిషి నింపాదిగా కూర్చునే ఉంటారు. దీనినే నిశ్శబ్ద ఆస్పిరేషన్ అంటాం. పక్కన కూర్చొని ఎంత జాగ్రత్తగా గమనించినా మాకు సైతం ఇది కచ్చితంగా తెలియదు. ఎక్స్‌రేలో కనిపించే బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ తీసే వీడియో ఎక్స్‌రేలోనో, సుసాన్ లాంగ్‌మోర్ బృందం 1988లో ప్రచురించిన పద్ధతిలో ముక్కు గుండా సన్నని కెమెరా పంపి చేసే పరీక్షలోనో బయటపడుతుంది.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు నిమ్ము (న్యుమోనియా) తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టేది. ఇంటివాళ్లు చలిగాలి అనుకున్నారు, బోరు నీళ్లు పడలేదనుకున్నారు, ఎవరో చెబితే దిష్టి కూడా తీయించారు. ఆయన దగ్గేవారు కాదు గానీ, నీళ్లు తాగాక గొంతు గురగురమనేది. హైదరాబాద్‌లో వీడియో ఎక్స్‌రే తీయిస్తే పలుచని ద్రవాలు తిన్నగా శ్వాసనాళంలోకి దిగడం కనిపించింది. తాను తాగించిన నీళ్లే మామకు కీడు చేశాయని కోడలు ఏడ్చింది. కంటికి కనిపించని దానికి ఆమె తప్పేమీ లేదు. తిన్నాక గొంతు తడిగా పలకడం, కారణం తెలియని జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే దగ్గు కోసం ఎదురుచూడకుండా పరీక్ష చేయించాలి.

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తి మీద తట్టి ఊరుకోవడం పెద్దవారి విషయంలో పనికిరాదు. వయసుతో మింగడం నెమ్మదించడం సహజమే గానీ, రోజూ పొలమారడం సహజం కాదు.

ద్రవాలన్నీ చిక్కగా చేసి ఇస్తే చాలన్న సలహా కూడా ఇప్పుడు అంత గట్టిగా నిలవడం లేదు. డిమెన్షియా, పార్కిన్‌సన్స్ ఉన్న 515 మందిపై అమెరికాలో జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో, గడ్డం వంచి మింగినవారికీ చిక్కని ద్రవాలు తాగినవారికీ మధ్య నిమ్ము విషయంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పైగా చిక్కనివి ఇస్తే తాగడం తగ్గి ఒంట్లో నీరు తగ్గే ప్రమాదముంది. అందుకే ఎవరికి ఎంత చిక్కదనం అన్నది పరీక్షించాకే చెబుతాం.

ఆహారం పంపడానికి ముక్కు గొట్టం వేస్తే ఇక భయం లేదనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే నోట్లోని ఉమ్మి, దానితోపాటు సూక్ష్మజీవులు అప్పుడు కూడా లోపలికి జారుతాయి. జపాన్‌లోని 11 వృద్ధాశ్రమాల్లో చేసిన అధ్యయనంలో, క్రమం తప్పక పళ్లు, నోరు శుభ్రం చేయించిన వృద్ధులకు నిమ్ము తక్కువగా వచ్చింది. కాబట్టి నోటితో తినని మనిషికైనా పూటపూటా నోరు కడిగించండి.