పుస్తకంలో నీలం మరక

అమ్ములూ,

మొన్న మీ అమ్మ ఫోన్లో నీ ఫిర్యాదు వినిపించింది. స్కూలు గోడ పక్కన దొరికిన నీలం పువ్వుని పొద్దున్నే నోట్సులో దాచావట. సాయంత్రం తీసి చూస్తే పువ్వు లేదు, మరక ఉందట. కొట్టేసిందని పక్క బెంచీ పిల్లతో గొడవ కూడా పడ్డావట. ముందు వెళ్లి ఆ పిల్లకి సారీ చెప్పు. దొంగలెవరూ లేరు.

ఫొటో చూడగానే గుర్తుపట్టాను, అది వెన్నదేవి. కొందరు వెన్నవెదురు అంటారు. కాడకి వెదురులాగే కణుపులుంటాయి, అందుకే కాబోలు.

దాని పువ్వు మన వీధి చివర ఇడ్లీ బండి లాంటిది. సెలవుల్లో నువ్వు తొమ్మిదిన్నరకి లేచి వెళ్లేసరికి గిన్నెలు కడుగుతూ కనిపించేవాడు కదా! వెన్నదేవి కూడా తెల్లారి తెరుస్తుంది, మధ్యాహ్నానికల్లా నీరుగారి ముడుచుకుపోతుంది. పైన రెండు పెద్ద నీలం రేకులే దాని బోర్డు. మధ్యలో పసుప్పచ్చగా మెరిసే బుడిపెలుంటాయి. బోలెడు పుప్పొడి ఉందనుకుని తేనెటీగ వాటి మీద వాలుతుంది. తీరా చూస్తే అవి ఉత్త అలంకారం, అసలు పుప్పొడి ఉన్న కేసరాలు వేరే. తేనె అయితే చుక్క కూడా ఉండదు. చట్నీ అయిపోయిందని ముందే చెప్పే మన బండాయనే నయం. మరి రేపటికి పిండి ఎక్కడ? పువ్వు కింద, ఆకుతో కుట్టినట్టున్న చిన్న దొప్పలో. మిగతా మొగ్గలు అందులోనే దాక్కుని, వంతు వచ్చినప్పుడు తల బయటపెడతాయి.

కింద వెలిసిపోయినట్టుండే మూడో రేకుకి ఒక కథ ఉంది. ఈ జాతి పేరు కొమెలైనా. 18వ శతాబ్దంలో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పేరుకి ఇలా అర్థం చెప్పాడు. హాలెండులో కొమెలిన్ అనే ఇంటివాళ్లలో ఇద్దరు మొక్కల శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు, మూడో ఆయన ఏదీ సాధించకుండానే పోయాడు. ఆ రెండు రేకులు వాళ్లిద్దరూ, ఈ చిన్నది ఈయన! నాకు ఈ మూడో రేకు మీదే అభిమానం. పాపం, అది కూడా రోజూ తెల్లారే డ్యూటీకి వస్తోంది కదా.

నీ వయసులో నన్ను వేరుశనగ చేలో కలుపుకి తీసుకెళ్లేవారు. ఒకసారి పీకిన వెన్నదేవిని గట్టు దాకా మోయడానికి బద్ధకించి సాళ్ల మధ్యే పడేశాను. ఆ రాత్రి వాన. వారానికి చూస్తే కణుపు కణుపుకీ వేళ్లు దిగి, ఒకటి ఉన్నచోట నాలుగు లేచాయి. మా నాన్న ఒక్క మాటా అనలేదు. గంప నా చేతికిచ్చి గట్టు వైపు చూశాడు, అంతే. అమ్మ మాత్రం అందులోంచే లేత చిగుళ్లు గిల్లి పప్పులో వేసింది. సగం చేసిన పని మళ్లీ మన నెత్తికే వస్తుందమ్మా. నీ లెక్కల హోంవర్కు సంగతి కూడా మీ అమ్మ చెప్పిందిలే.

మీ బాల్కనీలో వేలాడే వెండి చారల ఊదా మొక్క ఉంది చూశావా, ట్రాడెస్కాన్షియా, అది దీని చుట్టమే. మెక్సికో వైపు నుంచి వచ్చి కుండీ ఎక్కింది. ఒక ముక్క విరిచి నీళ్లలో పెట్టు, దాని కణుపుల నుంచీ వేళ్లొస్తాయి. తొమ్మిదో తరగతికి వచ్చాక మైక్రోస్కోపు కింద చూపించే రియో ఆకు కూడా ఈ కుటుంబానిదే.

అసలు గమ్మత్తు ఇంకా చెప్పలేదు. ఇక్కడ నా ఇడ్లీ బండి పనికిరాదు. వెన్నదేవి నేల కింద కూడా పూస్తుంది! మట్టిలో తెల్లటి సన్నని కాడలు పాకి, వాటికి ఎప్పటికీ విచ్చుకోని పువ్వులు వస్తాయి. వెలుగు తగలదు, ఈగ వాలదు. తన పుప్పొడి తనకే అంటించుకుని, చీకట్లోనే గింజ కడతాయి. పైనంతా మేక మేసేసినా ఆ గింజలు భద్రం. అరవై ఏళ్లుగా పీకుతున్నాను గానీ, ఇది తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

ఆదివారం ఏడింటికల్లా ఆ గోడ దగ్గరికి వెళ్లు. లాగకు, తెగిపోతాయి. పాత చెంచాతో చుట్టూ తవ్వి మట్టితో సహా ఒక మొక్కని పైకి తియ్యి. బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా కదుపు. తెల్ల కాడలు ఎన్ని కనిపించాయో లెక్కపెట్టి నాకు ఫోన్ చెయ్యి.

మీ తాతయ్య