చర్చి గంట కొట్టినాయన ఇంటిపేరు

యూరప్‌లోని స్లొవేనియాలో పాపెజ్ అనే ఇంటిపేరుంది, అంటే పోప్. ష్కోఫ్ అని ఇంకోటి, అంటే బిషప్. పెళ్లే చేసుకోకూడని బిషప్‌కి వారసులెక్కడివని అడక్కండి, ఇలాంటివి చాలావరకు వేళాకోళానికి పెట్టిన పేర్లో, బిషప్ గారి పొలం దున్నినందుకు అంటుకున్న పేర్లో అయ్యుంటాయి. మెజ్నార్ అనే ఇంటిపేరు సంగతి వేరు. ('జ'ని ట్రెజర్‌లో పలికినట్టు పలకాలి.)

మెజ్నార్ అంటే చర్చి బాగోగులు చూసే మనిషి. తలుపులు తీయాలి, కొవ్వొత్తులు వెలిగించాలి, గడియారానికి కీ ఇవ్వాలి, మూడు పూటలా గంట కొట్టాలి. ఆయనకి పెళ్లాం పిల్లలుంటారు, చర్చి పక్కనే ఇల్లుంటుంది, చాలాచోట్ల కొడుకే ఆ పని అందుకునేవాడు, కాబట్టి పేరు కూడా నిజంగానే తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. జీతం బదులు ఇంటింటికీ తిరిగి గింజలు వసూలు చేసుకునేవాడు, దాన్ని బిరా అంటారు. మన కళ్లాల దగ్గర చాకలికీ మంగలికీ కొలిచే మేర లాంటిదే. వడగళ్ల మబ్బు కమ్మితే గంటలు మోగించి దాన్ని తరమడం కూడా ఆయన డ్యూటీయే. ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన గోపురం కింద, తడిసిన తాడు పట్టుకుని, పిడుగులు పడే వేళ! 1780ల్లో అప్పట్లో ఆ ప్రాంతాన్నేలిన ఆస్ట్రియా పాలకుడు జోసెఫ్ చక్రవర్తి ఈ అలవాటుని నిషేధించాడు గానీ జనం అంత తేలిగ్గా వదల్లేదు.

మాట మాత్రం స్లొవేనియాది కాదు, పాత జర్మన్ నుంచి వచ్చింది. జర్మన్‌లో ఇప్పుడది మెస్నర్. మెస్సె అంటే చర్చిలో పూజ కాబట్టి అందులోంచే పుట్టిందని చాలామంది అనుకుంటారు, తప్పు. అసలు మూలం లాటిన్ మాన్సియొనారియుస్, అంటే ఇల్లు కనిపెట్టుకుని ఉండేవాడు; ఫ్రెంచివాళ్లు ఇంటిని మెజోఁ అనేదీ, ఇంగ్లీషు మాన్షనూ ఆ వేరు నుంచే. మరి 'స' కాస్తా 'జ' ఎందుకైంది? పాత జర్మన్ 'స' కొంచెం 'ష' వైపు ఒరిగి పలికేది, స్లొవీన్ల చెవికి అది వేరేగా వినిపించింది. సబ్బుని జర్మన్‌లో జైఫె అంటే వీళ్ల వాడుకలో జైఫా (మళ్లీ ట్రెజర్ 'జ'), అదీ ఈ దారిన వచ్చిందే. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా 1978లో ఎవరెస్ట్ ఎక్కిన రైన్‌హోల్డ్ మెస్నర్ ఇంటిపేరు కూడా ఈ మాటే.

1563లో ట్రెంట్ మహాసభ (క్యాథలిక్ చర్చి పెద్దల సభ) పెళ్లిళ్లు, బాప్తిస్మాలు రాసిపెట్టమన్నాక పేర్లు పుస్తకాలకెక్కి మెల్లగా స్థిరపడ్డాయి. మెజ్నారిచ్, మెజ్నార్షిచ్ అని రాస్తే మెజ్నార్ కొడుకు, వాళ్ల తాలూకు మనిషి అని.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. స్లొవేనియా పల్లెల్లో రిజిస్టర్‌లోని పేరు కాక ఇంకో పేరుంటుంది, దాన్ని హిష్నో ఇమె అంటారు. హిషా అంటే ఇల్లు, ఇమె అంటే పేరు: అచ్చంగా ఇంటిపేరు! కాకపోతే మనది మనుషులతో పాటు ఊళ్లు మారుతుంది, వాళ్లది గోడల్ని పట్టుకుని ఉండిపోతుంది. మెజ్నార్ వాళ్లు ఇల్లమ్ముకుని పోయి, దాన్ని నోవాక్ అనే కుటుంబం కొనుక్కుందనుకోండి (నోవాక్ అంటే కొత్తగా వచ్చినవాడు, అక్కడ అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు), ఊరికి మాత్రం వాళ్లు మెజ్నార్ ఇంటివాళ్లే.