పిల్లలు మాట్లాడటం లేదా? కాలేజీ కమ్యూనికేషన్‌పై కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంజినీరింగ్ కాలేజీల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసులు తీసుకోవడం నా పని. ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడితే చాలు, తల్లిదండ్రులు, తోటి లెక్చరర్లు అవే మాటలు మళ్లీ మళ్లీ అంటుంటారు. వాటిలో నిజం పాలెంతో రాస్తున్నాను.

అపోహ: ఫోన్ చేతికొచ్చాకే పిల్లలు మాట్లాడటం మానేశారు

అదే నిజమైతే మా ఫస్టియర్ పిల్లలు గలగలా మాట్లాడేయాలి. వాళ్లలో చాలామంది ఇంటర్ రెండేళ్లూ ఫోన్ ముట్టకుండా రెసిడెన్షియల్ కాలేజీల్లో గడిపి వచ్చినవాళ్లే. పొద్దున లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా వినడం, రాయడం, ర్యాంకు చూసుకోవడం. పక్కవాడితో నోరు విప్పితే తిట్లు. అలా వచ్చిన కుర్రాణ్ని నిలబెట్టి 'ఒక్క నిమిషం ఏదైనా మాట్లాడరా' అంటే చెమటలు పడతాయి. రాత్రయితే అదే కుర్రాడు హాస్టల్ రూములోంచి ఫ్రెండుకి మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడతాడు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక మాటలు చోటు మారాయి, అంతే. లెక్చరర్ ఉన్న క్లాస్ గ్రూపులో 'ఓకే సర్', 'నోటెడ్ సర్' తప్ప ఇంకేమీ కనపడవు. మేం లేని రెండో గ్రూపు ఒకటి ఉంటుంది. అసలు గొడవలన్నీ అక్కడే.

అలాగని ఫోన్‌కి క్లీన్ చిట్ ఇవ్వను. టైప్ చేసి, చెరిపి, మళ్లీ టైప్ చేసే సుఖానికి అలవాటు పడ్డవాళ్లకి మనిషి ఎదురుగా తడబడటమంటే మహా టెన్షన్.

అపోహ: కమ్యూనికేషన్ అంటే ఇంగ్లీషే

అది నిజమో కాదో తేల్చడానికే గ్రూప్ డిస్కషన్ మొదట తెలుగులోనే పెట్టిస్తాను. టాపిక్ కూడా వాళ్లు రోజూ గొణుక్కునేదే: హాస్టల్ గేటు అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఒకే టైముకి మూయాలా? అయినా సగం మంది దగ్గర వచ్చే జవాబు, 'వాడు చెప్పిందే సర్, నాది కూడా.' ఇక్కడ ఇంగ్లీషు అడ్డు లేదు కదా! నలుగురిలో తన అభిప్రాయం తాను చెప్పే అలవాటు లేదు. ఇంటర్వ్యూకి ఇంగ్లీషు కావాలి, నేర్పుతాం కూడా. కానీ చెప్పడానికి మాటంటూ ఉంటేనే ఏ భాషలోనైనా చెప్పగలిగేది.

అపోహ: మా ఇంట్లో అందరం బాగానే మాట్లాడుకుంటాం, వీడే ఇలా తయారయ్యాడు

సాయంత్రం హాస్టల్ వరండాలో నిలబడితే ఇంటికి వెళ్లే ఫోన్లు వినపడతాయి. 'ఆ, తిన్నా... బెండకాయ... ఆ, పదో తారీఖు దాకా కట్టొచ్చంట... సరే అమ్మా, ఉంటా.' ప్రేమకి లోటేమీ లేదు. నువ్వేమనుకుంటున్నావని అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటీ ఉండదు.

అమెరికాలో మెక్‌లౌడ్, చాఫీ అనే పరిశోధకులు 1970ల్లో కుటుంబాలను రెండు కొలతలతో చూశారు: ఇంట్లో ఎంత స్వేచ్ఛగా చర్చ నడుస్తుంది, పెద్దల మాటకి ఎంతగా తలొగ్గాలి. 1990లో రిచీ, ఫిట్జ్‌ప్యాట్రిక్ దాన్ని సవరించారు. మీడియాలో విన్నదాన్ని కుటుంబాలు ఎలా అర్థం చేసుకుంటాయన్న ప్రశ్న దగ్గరే ఇదంతా మొదలైంది. నాకు నచ్చే విషయమేమిటంటే, ఆ రెండు కొలతలూ వేర్వేరు. క్రమశిక్షణ గట్టిగా ఉన్న ఇంట్లోనూ చర్చ సాగొచ్చు. మన ఇళ్లలో చాలావరకు మొదటిది వదిలేసి రెండోది పట్టుకుంటాం.

ఫలితం ఇంటర్వ్యూలో బయటపడుతుంది. 'ఈ బ్రాంచ్ ఎందుకు తీసుకున్నావ్?' అనడిగితే పిల్ల బిక్కమొహం వేస్తుంది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టింది నెట్ సెంటర్లో కూర్చున్న బాబాయి. ఆ అమ్మాయి ఓటీపీ చెప్పింది.

అపోహ: సినిమాలు, మీమ్స్ భాషను చెడగొడుతున్నాయి

'మామా', 'బ్రో' అన్నంత మాత్రాన ఎవరి భాషా చెడిపోదు. బ్రహ్మానందం గారి ముఖంతో ఒక మీమ్ పడితే శ్రీకాకుళం కుర్రాడూ ఆదిలాబాద్ కుర్రాడూ కలిసి నవ్వుతారు. కొత్త హాస్టల్లో అది చిన్న విషయమేం కాదు.

నా భయాలు వేరు. ఒకటి, టీవీ డిబేట్లు. గ్రూప్ డిస్కషన్లో గొంతు పెంచి, పక్కవాడి మాట మధ్యలో కోసేస్తే గెలిచినట్టేనని కొందరు నమ్ముతారు. మార్కులు పోయేది సరిగ్గా అక్కడే. రెండోది ఇంకా పెద్దది. హీరోయిన్ వద్దన్నకొద్దీ వెంటపడితే చివరికి ఒప్పుకుంటుందని మన సినిమాలు ఏళ్ల తరబడి చూపించాయి. ఒక అమ్మాయి 'కాదు' అంటే అక్కడితో సంభాషణ ముగిసిందని అబ్బాయిలకి విడిగా క్లాసు పెట్టి చెప్పాల్సి వస్తోంది.

అపోహ: 93 శాతం కమ్యూనికేషన్ బాడీ లాంగ్వేజే

ఇది మా ట్రైనర్ల పుణ్యమే. ఈ లెక్క 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. వాటిలో వాడినవి విడి మాటలు, రకరకాల గొంతులు, ముఖాల ఫొటోలు. అడిగింది ఇష్టాయిష్టాల గురించే. మిగతా సంభాషణలకి ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు. సబ్జెక్టు రానప్పుడు టై సర్దుకుని నవ్వితే 93 మార్కులు రావు.

అపోహ: బ్లూ టిక్ పడీ రిప్లై రాలేదంటే కావాలనే

రూమ్మేట్ల మధ్య మాటలు ఆగిపోవడానికి ఇది చాలు. బస్సులో ఉండొచ్చు, ల్యాబ్‌లో ఉండొచ్చు, ఏం రాయాలో తోచకపోయి ఉండొచ్చు. అంత ఇబ్బందైతే వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో రీడ్ రిసీట్స్ ఆపేసుకోండి. అవతలివాళ్ల టిక్కులు మీకూ కనపడవు. గ్రూపుల్లో మాత్రం అది పనిచేయదు.