రామప్ప గుడి: అపోహలు – వాస్తవాలు

పాత కట్టడాల పరిరక్షణ నా వృత్తి. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి గురించి నన్ను అడిగేవారిలో చాలామంది దానిని ఒక అద్భుతంగానే చూస్తారు, కట్టడంగా చూసేవారు తక్కువ.

అపోహ: గుడి మొత్తాన్ని నీటిలో తేలే ఇటుకలతో కట్టారు.

వాస్తవం: ఆ ఇటుకలు విమానానికే, అంటే గర్భగుడి పైన లేచే శిఖరానికే పరిమితం. గోడలు ఇసుకరాయివి, చెక్కిన స్తంభాలకు, దూలాలకు గ్రానైటు, డోలరైటు అనే నల్లరాయి వాడారు. శిఖరాన్ని కూడా రాతితోనే లేపితే ఆ భారమంతా గర్భగుడి గోడల మీదుగా పునాదికి చేరుతుంది కనుక, స్థపతులు లోపల గుల్లగా ఉండే ఇటుకను ఎంచుకున్నారు. వారికి కావలసింది తేలిక. నీటిలో తేలడం ఆ తేలికకు కనిపించే రుజువు మాత్రమే. దాన్ని పరీక్షించడానికి ముక్క దొరుకుతుందా అని అడిగే సందర్శకులకు ఏమి చెప్పాలో నాకు ఇప్పటికీ తోచదు.

అపోహ: ఇసుక పునాది ఉంది కనుక ఈ గుడిని ఏ భూకంపమూ కదిలించలేదు.

వాస్తవం: పక్కలకు జారకుండా కట్టడి చేసిన ఇసుక బరువును బాగా మోస్తుంది, దానిని విస్తారంగా కింది నేలకు పంచుతుంది, కంపనాన్ని కొంతవరకు తనలో ఇముడ్చుకుంటుంది. అయితే నీటి కదలికతో ఇసుక జారిపోయినా, ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా సర్దుకున్నా పైనున్న రాళ్లు కుంగుతాయి. రామప్ప మండపంలో ఎగుడుదిగుడుగా మారిన నేలను ఎవరైనా చూడవచ్చు. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో హనుమకొండలో ఇలాంటి పునాది మీదే కట్టించిన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ నిలబెట్టి, 2024లో తెరవవలసి వచ్చింది. కాకతీయుల పునాది గొప్పదే, కానీ దానికీ సంరక్షణ కావాలి.

అపోహ: శిల్పి రామప్పే ఈ గుడిని కట్టించాడు.

వాస్తవం: 1213 నాటి శాసనం ప్రకారం కట్టించినది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, కొలువున్న దైవం రుద్రేశ్వరుడు. రామప్ప అనే శిల్పి పేరు జనశ్రుతిలో నిలిచింది.

అపోహ: పక్కనున్న రామప్ప చెరువు సాగుకు, గుడి పూజకు, రెండింటికీ పొత్తు లేదు.

వాస్తవం: కాకతీయుల కాలపు స్థల రూపకల్పనను ఉద్యానాలలో వెతికితే దొరకదు. కొండల నడుమ కట్ట వేసి వాననీటిని నిలపడం, ఆ నీటి కింద పొలాలను, ఊరిని, గుడిని అమర్చడం వారి పద్ధతి. రామప్ప చెరువు నేటికీ పొలాలకు నీరిస్తోంది. 2021లో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు యునెస్కో కూడా చుట్టూ ఉన్న కొండలను, అడవిని, చెరువును, పొలాలను దాని పరిసరాలుగా పేర్కొంది. అందుకే ఇటువంటి గుడికి మరమ్మతు ప్రణాళిక గీయవలసి వస్తే నేను కొలతలను ప్రాకారం దగ్గర ఆపను. వాననీరు ఏ వాలు నుంచి దిగి, పునాదికి ఎంత దూరంలో ఏ కాలువ పట్టి పారుతుందో చెరువు కట్ట దాకా నడిచి గుర్తించిన తరువాతే రాళ్ల జోలికి వెళతాను.