నోల్ దాడికి ముందు మూడు వారాలు

ఏటా జూలై 26న, కార్గిల్ విజయ్ దివస్ నాడు, హైదరాబాద్‌లో తప్పకుండా వినబడే పేరు మేజర్ పద్మపాణి ఆచార్య. మహావీర చక్ర (యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చే రెండో అత్యున్నత పతకం), 1999, మరణానంతరం. ఫ్లెక్సీ మీద ఇంతకంటే పట్టదు. కార్గిల్ యుద్ధంలో నోల్ అనే గుట్ట మీద దాడిలో ఒళ్లంతా గాయాలై కదల్లేని స్థితిలో కూడా తనను వదిలేసి శత్రువు మీదికి వెళ్లమని జవాన్లను ఆదేశించాడన్నది చాలామంది విన్నదే. అది ఆవేశంలో తీసుకున్న నిర్ణయంగా చెప్పుకుంటాం కానీ, అంతకుముందు ఆయన బెటాలియన్ (వందలమంది సైనికుల దళం) ఏం చూసిందో తెలిస్తే అలా అనిపించదు.

శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రోడ్డు ద్రాస్ మీదుగా పోతుంది. ఆ రోడ్డుకు పైన తోలోలింగ్ కొండ, ఎత్తు 4,590 మీటర్లు. చలికాలంలో కాపలా లేని శిఖరాల మీదికి చొరబడ్డ పాకిస్తాన్ సైనికులు 1999 మే నాటికి అక్కడ బంకర్లు కట్టుకుని కూర్చున్నారు. కింద కదిలే ప్రతి లారీ వాళ్లకు కనబడుతుంది. కనబడితే ఫిరంగి గుండు పడుతుంది. లద్దాఖ్‌లోని సైన్యానికి సరుకు వెళ్లేది ఆ దారినే.

మొదట ఎక్కింది 18 గ్రెనేడియర్స్ అనే బెటాలియన్. చెట్టూ చేమా లేని నిట్టనిలువు రాతి వాలు, పైనుంచి మెషిన్ గన్లు. మేజర్ రాజేశ్ అధికారి, ఆ తర్వాత లెఫ్టినెంట్ కల్నల్ విశ్వనాథన్ అక్కడే నేలకొరిగారు. అప్పుడు 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌కు పని అప్పగించారు. అది ఆచార్య బెటాలియన్. జూన్ 12 రాత్రి మొదలైన దాడితో 13న తోలోలింగ్ చేతికొచ్చింది. దాడిలో ముందు నడిచిన మేజర్ వివేక్ గుప్తా తిరిగి రాలేదు.

ఆచార్యది హైదరాబాద్‌లో స్థిరపడిన ఒడియా కుటుంబం. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేశారు. ఉస్మానియాలో డిగ్రీ, తర్వాత చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ. సైన్యంతో ఇంత అనుబంధం ఉన్న మన నగరంలో పదాతి దళపు ఊసు తక్కువే. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ ఉంది, సికింద్రాబాద్‌లో సైన్యం వాహనాలు, ఆయుధాలు మరమ్మతు చేసే విభాగపు ఈఎంఈ సెంటర్ ఉంది. నగరం పేరుతోనే ఒకప్పుడు 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఉండేది, మొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ ఆఫీసర్‌గా చేరింది అందులోనే. 1945లో దాని పేరు కుమావ్ రెజిమెంట్‌గా మారింది. ఇక హైదరాబాద్ కుర్రాడు ఇన్‌ఫాంట్రీ ఆఫీసర్ అయితే ఎక్కడివాళ్లనో తనవాళ్లుగా చేసుకోవాలి. ఆచార్య వెంట కొండ ఎక్కినవాళ్లలో ఎక్కువమంది రాజస్థాన్, హర్యానా పల్లెల జవాన్లు.

జూన్ 19న ఆయన తండ్రికి ఉత్తరం రాశాడు. తోలోలింగ్ గెలిచి వారం కూడా కాలేదు. ప్రాణనష్టం గురించి బెంగపెట్టుకోవద్దని, అది ఈ వృత్తిలో ఉన్నదేనని అందులో చెప్పాడు. గర్భవతిగా ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరాడు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలని. లీలావతి గర్భంలో ఉండగానే నారదుడి మాటలు విన్న ప్రహ్లాదుణ్ణి భాగవతంలో చదువుకున్నవాళ్లం కదా, ఆ కోరిక మనకు వింతగా తోచదు. నా దృష్టి మాత్రం తేదీ మీదే నిలుస్తుంది. తోటి మేజర్‌ను పోగొట్టుకున్న ఆరు రోజులకు రాసిన ఉత్తరమిది. ముందున్నదేమిటో తెలిసే రాశాడు. మరో రెండు రోజులకు ఆయనకు 30 ఏళ్లు నిండాయి.

తర్వాతి లక్ష్యం తోలోలింగ్‌కు అవతల నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అనే గుట్టల వరుస. నోల్ పట్టుకునే బాధ్యత ఆచార్య నడిపే కంపెనీది, అంటే బెటాలియన్‌లో ఒక భాగానిది. బ్రిగేడ్ ఆపరేషన్ మొత్తం ఆ గుట్ట ఎంత త్వరగా చేజిక్కుతుందన్న దాని మీదే ఆధారపడింది. చుట్టూ మందుపాతరలు. జూన్ 28 రాత్రి పున్నమి, మన లెక్కలో ఏరువాక పున్నమి. చాటు లేని కొండ మీద వెన్నెలంత శత్రువు ఇంకోటి ఉండదు. దాడి మొదలైందో లేదో గుండ్లు సరిగ్గా ముందు నడుస్తున్న ప్లటూన్ (కంపెనీలోని చిన్న దళం) మీద పడ్డాయి. చాలామంది పడిపోయారు. దాడి అక్కడే ఆగిపోవాల్సింది.

ఆచార్య వెనకనున్న రిజర్వ్ ప్లటూన్‌ను తీసుకుని, షెల్స్ పడుతుండగానే తానే ముందుండి పైకి నడిపించాడు. చివర్లో పాకుకుంటూ బంకర్ దగ్గరికి చేరి గ్రెనేడ్లు విసిరాడు. తూటాలు తగిలి కదల్లేకపోయినా కాల్పులు ఆపలేదు. జవాన్లను ముందుకు పంపింది అప్పుడే. నోల్ చేతికొచ్చింది. ఆయన ప్రాణం పోయింది. అదే పోరులో 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్, నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ కెంగురూసే కూడా అమరులయ్యారు. మంచుకొండ ఎక్కడానికి పట్టు దొరక్క బూట్లు విప్పేసినవాడు ఈ కెంగురూసేనే.

త్రీ పింపుల్స్ దక్కాక జూలై 4న టైగర్ హిల్ మీద జెండా ఎగిరింది. ఆ ఒక్క బెటాలియన్‌కే నాలుగు మహావీర చక్రాలు వచ్చాయి. వాటిలో మూడు మరణానంతరం ఇచ్చినవి: గుప్తా, ఆచార్య, కెంగురూసే. నాలుగోది తోలోలింగ్‌లో పోరాడి ప్రాణాలతో బయటపడ్డ దిగేంద్ర కుమార్‌ది. తండ్రిని చూడని ఆచార్య కూతురు ఆ తర్వాత కొన్ని నెలలకు పుట్టింది.