పిల్లల మనసు గురించి నేను రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

పదమూడేళ్లుగా విజయవాడలో పిల్లలకీ, టీనేజ్ వాళ్లకీ కౌన్సెలింగ్ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకి పిల్లలంటే ప్రాణం. అయినా పెద్దవాళ్లు చెప్పారనో, మనమూ అలాగే పెరిగామనో నమ్మేసిన కొన్ని మాటలు వాళ్లకీ పిల్లలకీ మధ్య అడ్డుపడుతుంటాయి. అలాంటివి కొన్ని రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: ఏడుస్తున్నప్పుడు దగ్గరికి తీసుకుంటే నెత్తికెక్కుతారు.

అన్నిటికంటే ఎక్కువసార్లు వినేది ఇదే. ఒకసారి మూడేళ్ల పాప, ఇంటికి వెళ్లే టైమ్‌కి మా బొమ్మల బుట్టలోని ఎర్ర బస్సు వదలనంటే వదలనంది. అమ్మ లాక్కుంది. పాప నేలమీద పడి దొర్లుతూ, కాళ్లు కొట్టుకుంటూ, ఊపిరి బిగబట్టి ఒకటే ఏడుపు. "వదిలేయండి మేడం, కాసేపు ఏడ్చి అదే ఊరుకుంటుంది" అంది వాళ్లమ్మ, పాప చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని. నేను ఆవిడని పాప పక్కనే కింద కూర్చోమని, మెల్లగా ఈ మాట అనమన్నాను: "బస్సు ఇంకా కావాలి కదా నీకు. వదిలి వెళ్లాలంటే ఏడుపొస్తోంది కదా." అంతే, ఆపైన ఒక్క మాట కూడా వద్దన్నాను. బస్సు మాత్రం ఇవ్వలేదు. పాప ఇంకో రెండు మూడు నిమిషాలు ఏడ్చి, వెక్కుతూ వచ్చి అమ్మ ఒళ్లో తల పెట్టుకుంది. వెళ్లేటప్పుడు బస్సుకి టాటా కూడా చెప్పింది.

కోపాన్నీ, తొందరపాటునీ అదుపులో పెట్టేది మెదడు ముందు భాగం. అది పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. మూడేళ్ల పిల్లకి తనని తాను సముదాయించుకోవడం ఇంకా చేతకాదు, పక్కన పెద్దవాళ్లు నెమ్మదిగా ఉంటే వాళ్లని చూసి తనూ నెమ్మదిస్తుంది. ఇలా వందలసార్లు జరిగాకే సొంతంగా నేర్చుకుంటుంది. దగ్గరికి తీసుకోవడం వేరు, అడిగింది చేతిలో పెట్టడం వేరు. ముందు వద్దని, ఏడుపు పెరిగాక భరించలేక ఇచ్చేస్తాం చూడండి, నెత్తికెక్కేది అందువల్ల. ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని మనమే నేర్పినట్టవుతుంది.

అపోహ: మగపిల్లాడు ఏడవకూడదు.

ఏడవకూడదంటే బాధ పోదు. ఏడుపు ఆపేసిన చాలామంది మగపిల్లలు తలుపులు విసిరికొడుతూ, చెల్లిని కొడుతూ నా దగ్గరికి వస్తారు. భయమేసినా, సిగ్గేసినా వాళ్లకి తెలిసిన దారి కోపం ఒక్కటే. ఇది అమ్మమ్మలకీ, నాయనమ్మలకీ కూడా చెప్పండి, ప్లీజ్.

అపోహ: దండం దశగుణం భవేత్, నాలుగు తగిలిస్తేనే దారికొస్తారు.

కొడితే ఆ క్షణానికి వింటారు, నిజమే. అందుకే పనిచేసిందనిపిస్తుంది. కానీ దెబ్బలు తినే పిల్లల్లో కాలం గడిచేకొద్దీ దూకుడు, ఆందోళన పెరుగుతాయని ఎన్నో పరిశోధనలు చెబుతున్నాయి. దెబ్బతో నేర్చుకునేది తప్పు చేయకపోవడం కంటే దొరక్కుండా చేయడమే. స్కూళ్లలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. టీచరు చేయకూడని పని ఇంట్లో మనం ఎందుకు చేయాలి? "మా నాన్న మమ్మల్ని కొట్టలేదా, మేం బాగుపడలేదా" అని ఒకాయన గట్టిగానే అడిగారు. "చిన్నప్పుడు మీకేదైనా భయమేస్తే నాన్నగారికి చెప్పేవారా?" అన్నాను. చాలాసేపు టేబుల్ వంకే చూసి, "ఇప్పటికీ చెప్పనండీ" అన్నారు.

అపోహ: టీనేజ్ కదా, చిరాకు, గది తలుపేసుకోవడం మామూలే.

సగం నిజం. ఈ వయసులో ఫ్రెండ్స్ ముఖ్యమవుతారు, సొంత చోటు కావాలనిపిస్తుంది, రాత్రి ఆలస్యంగా నిద్ర పట్టడం కూడా ఒంట్లో వచ్చే మార్పే. రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమైన వయసులో తెల్లవారుజామున నాలుగున్నరకే స్టడీ అవర్‌కి లేపుతుంటే చిరాకు పడకుండా ఎలా ఉంటారు!

మిగతా సగం దగ్గరే జాగ్రత్త కావాలి. టీనేజ్‌లో డిప్రెషన్ చాలాసార్లు దిగులుగా కాకుండా విసుగు, కోపంగా బయటపడుతుంది. ఇష్టమైన క్రికెట్ మానేయడం, ఫ్రెండ్స్ ఫోన్లు ఎత్తకపోవడం, తిండి, నిద్ర తారుమారు కావడం, ఇవి రెండు వారాలు దాటితే వయసు ప్రభావమని సరిపెట్టుకోకండి, డాక్టరుకి చూపించండి.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.

దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఇంటర్ ఫలితాల రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం గొంతులు వణుకుతుంటాయి. "వాడు ఏదోలా ఉన్నాడు మేడం, అడగాలంటే భయంగా ఉంది" అంటారు. అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన రాదు, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పే మాట. "బతకాలని లేదనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా, మెల్లగా అడిగితే, ఒంటరిగా మోస్తున్నది దించుకునే వీలు దొరుకుతుంది. అవునంటే తిట్టొద్దు, ఏడ్చి బతిమాలొద్దు, ఒంటరిగా వదలొద్దు, మందులూ పురుగుమందులూ అందకుండా తీసేసి వెంటనే సాయం తీసుకోండి. టెలీ మానస్ 14416, 2022 అక్టోబరులో మొదలైన ఉచిత ప్రభుత్వ హెల్ప్‌లైన్, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

అపోహ: పిల్లలకి సారీ చెబితే లోకువైపోతాం.

ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1970ల నుంచి తల్లీబిడ్డల్ని గమనిస్తూ వచ్చారు. ఎంత మంచి జంటలోనైనా ఇద్దరి తీరూ కుదిరేది కొంతసేపే, మిగతా టైమంతా పొసగకపోవడం, మళ్లీ కలవడం. ఆ మళ్లీ కలవడమే బిడ్డకి నమ్మకాన్నిస్తుందని ఆయన చూపించారు. అరవని తల్లిదండ్రులుండరు. అరిచాక ఏం చేశామన్నది చూసుకోవాలి.

ఇంటర్ చదివే కొడుకుని హాస్టల్ గేటు ముందు, తోటి పిల్లల ఎదుట, మార్కుల గురించి అరిచేసిన ఒక నాన్న ఉన్నారు. వారం రోజులు నాతో వాదించి, చివరికి ఔటింగ్ రోజున వెళ్లి, "మొన్న అందరి ముందూ నిన్ను అలా అనడం నాదే తప్పు" అన్నారట, ఇంకేమీ కలపకుండా. "అయితే ఈసారి బాగా చదువు" అని చేర్చకండని నేను మరీ మరీ చెప్పి పంపాను. అబ్బాయి "ఊఁ" అని షూ లేసు కట్టుకుంటూ ఉండిపోయాడట. ఎప్పుడూ అమ్మకే ఫోన్ చేసేవాడు, ఆ ఆదివారం నాన్నకి చేశాడు. మాట్లాడింది ఏడు నిమిషాలు, అదీ కెమిస్ట్రీ సారు గురించి. ఆయన ఆ కాల్ లిస్టు తీసి నాకు చూపించారు.