ఎదురు ప్రశ్న ఉన్న చోట, లేని చోట: బ్రిటన్, అమెరికా నేతల మాటతీరు వెనక కథ

2009 సెప్టెంబర్ 9న ఒబామా కాంగ్రెస్ ఉభయ సభల ముందు ఆరోగ్య బీమా సంస్కరణల గురించి మాట్లాడుతుంటే, జో విల్సన్ అనే రిపబ్లికన్ సభ్యుడు కూర్చున్న చోటి నుంచే ‘అబద్ధం చెబుతున్నావ్’ అని గట్టిగా అరిచాడు. పెద్ద దుమారమే రేగింది. ఆ రాత్రే క్షమాపణ చెప్పినా, వారం తిరక్కుండా ప్రతినిధుల సభ 240-179 ఓట్లతో ఆయన్ని తప్పుపడుతూ తీర్మానం చేసింది. అదే లండన్‌లో అయితే ప్రధాని నోరు తెరిస్తే చాలు, ఎదుటి బెంచీల నుంచి కేకలు మామూలే. ‘అబద్ధం’ అనే ఆరోపణ మాత్రం అక్కడా కుదరదు. 2021 జులైలో బోరిస్ జాన్సన్ అబద్ధాలు చెప్పారని అని, ఆ మాట వెనక్కి తీసుకోనన్నందుకు లేబర్ ఎంపీ డాన్ బట్లర్‌ని ఆ రోజుకి సభ నుంచి పంపించేశారు.

బ్రిటిష్‌వాళ్లకి చమత్కారం ఎక్కువ, అమెరికన్లకి ఆవేశం ఎక్కువ అని చాలామంది తేల్చేస్తుంటారు. నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. నాయకుడు ఎవరి ముందు నిలబడి మాట్లాడాలి, ఆయన్ని కుర్చీలోంచి దింపే శక్తి ఎవరి చేతిలో ఉంది అనేది చూస్తే మిగతా సగం అర్థమవుతుంది.

ముందు ఆ హాలు చూడండి. బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ పొడవుగా, ఇరుకుగా ఉంటుంది, రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుంటాయి. మధ్యలో తివాచీ మీద రెండు ఎర్ర గీతలు, వాటి మధ్య దూరం రెండు కత్తుల పొడవు కన్నా ఎక్కువని చెబుతారు. 1941 మేలో జర్మన్ బాంబులకి ఆ హాలు నేలమట్టమైతే, అందరికీ చాలేలా పెద్దగా కట్టుకునే అవకాశం వచ్చింది. చర్చిల్ 1943లో వద్దని పట్టుబట్టారు. చిన్నగా, ఇరుగ్గా ఉంటేనే మాటకి మాట నడుస్తుందని ఆయన వాదన. అందుకే ఇప్పటికీ 650 మంది ఎంపీలకి అక్కడ 427 సీట్లే. రాసుకొచ్చిన కాగితం చూసి చదివేవాళ్లని అక్కడ ఎప్పుడూ చిన్నచూపే చూశారు. ప్రతి మాటా స్పీకర్‌ని ఉద్దేశించే అనాలి, మన అసెంబ్లీలో మాటకి ముందోసారి వెనకోసారి ‘అధ్యక్షా’ అనడం కూడా ఆ సంప్రదాయం నుంచి వచ్చిందే.

ఆ గదిలో మాటకి ఎంత పదునుంటుందో తెలియాలంటే 1990 నవంబర్ 13 దగ్గర కాస్త ఆగాలి. జెఫ్రీ హౌ మెత్తటి మనిషి, గొంతు పెంచి ఎరగడు. ఆయన విమర్శ చచ్చిన గొర్రె మీదపడి కరిచినట్టు ఉంటుందని 1978లో లేబర్ నేత డెనిస్ హీలీ సభలోనే ఎగతాళి చేశాడు. అలాంటి హౌ, ఉప ప్రధాని పదవికి రాజీనామా చేశాక, తన సొంత పార్టీ బెంచీల్లో లేచి నిలబడి, కొన్ని అడుగుల దూరంలో ప్రధాని థాచర్ కూర్చుని వింటుండగా, యూరప్ చర్చల్లో తమ పరిస్థితి ఎలా ఉందో క్రికెట్ భాషలో చెప్పాడు. ఓపెనర్లు క్రీజులోకి వెళ్లి మొదటి బంతి ఎదుర్కొనే వేళకి, ఆటకి ముందే తమ కెప్టెన్ బ్యాట్లు విరగ్గొట్టిందని తెలిసిందట! తొమ్మిది రోజులకి, నవంబర్ 22న, తప్పుకుంటున్నట్టు థాచర్ ప్రకటించారు. పదకొండేళ్లు ఏలిన ప్రధానికి అంత గట్టి దెబ్బ సొంత పార్టీ మనిషి ప్రసంగంతో తగిలింది. అమెరికా అధ్యక్షుడికి ఇలాంటి భయం లేదు, ఆయన పదవి సభ మెజారిటీ మీద ఆధారపడదు కాబట్టి.

అయితే అమెరికా అధ్యక్షులు మొదటి నుంచీ జనంతో మాట్లాడుతూనే ఉన్నారనుకుంటే పొరపాటు. 1790లో వాషింగ్టన్ స్వయంగా కాంగ్రెస్‌కి వెళ్లి మాట్లాడారు, ఆయన తర్వాత ఆడమ్స్ కూడా. 1801లో జెఫర్సన్ ఆ పద్ధతి ఆపేసి, రాసి పంపించడం మొదలుపెట్టారు, సింహాసనం మీంచి రాజు చేసే ప్రసంగంలా ఉందని. ఆ మౌనం 1913 దాకా సాగింది. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ మీద పెట్టిన అభిశంసన అభియోగాల్లో ఒకటి, ఊరూరా తిరిగి కాంగ్రెస్ మీద రెచ్చగొట్టే ఉపన్యాసాలు ఇచ్చాడని! ఇవాళ్టి అమెరికాలో ఈ అభియోగాన్ని ఊహించగలమా?

1913లో ఆ ఆనవాయితీ తెంచింది వుడ్రో విల్సన్. ఆయన బ్రిటిష్ పార్లమెంటు పద్ధతిని ఎంతో మెచ్చుకున్న ప్రొఫెసర్. కాంగ్రెస్‌కి వెళ్లి మాట్లాడారు గానీ, ఎదురు ప్రశ్నలు అడిగే పద్ధతి మాత్రం అక్కడికి రాలేదు. అసలు నష్టం అక్కడే జరిగిందని నా అభిప్రాయం. తర్వాత రేడియో వచ్చింది. 1933 మార్చి 12 ఆదివారం రాత్రి, దేశంలో బ్యాంకులన్నీ మూతపడి ఉండగా, రూజ్‌వెల్ట్ మైకు ముందు కూర్చుని బ్యాంకు మీ డబ్బుతో ఏం చేస్తుందో ఇంట్లోవాళ్లకి చెప్పినట్టు చెప్పారు. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుచుకుంటుంటే జనం డబ్బు తిరిగి జమ చేయడానికి వరుస కట్టారు. అంత నమ్మకం కలిగించిన మాటని తక్కువ చేయలేం.

దాని పక్కన 1940 జూన్ 4 పెట్టి చూడండి. సముద్ర తీరాల్లో పోరాడతాం అన్న చర్చిల్ ప్రసంగం కామన్స్ సభ్యుల ముందు చేసింది, ఆ రోజు దేశం ఆయన గొంతు వినలేదు. రేడియోలో న్యూస్‌రీడర్ కొన్ని భాగాలు చదివాడు. మనం ఇప్పుడు వింటున్న రికార్డింగు ఆయన 1949లో చేసింది. యుద్ధం మధ్యలో కూడా ముందు సభకే చెప్పాలన్నమాట.

తర్వాత రెండు దేశాల పద్ధతుల మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. కామన్స్‌లో ఎంపీలు ప్రధానికి వేసే ప్రశ్నలు 1961లో వారానికి రెండుసార్లుగా స్థిరపడ్డాయి, 1997లో బ్లెయిర్ దాన్ని బుధవారం ఒక్క అరగంట చేశారు. 1989 నవంబర్‌లో సభలోకి టీవీ కెమెరాలు వచ్చాక ప్రశ్నల వేళలో జవాబు కన్నా టీవీలో పేలే ఒక్క డైలాగు కోసం తాపత్రయం పెరిగింది. 2010లో అమెరికా తరహా టీవీ డిబేట్లు కూడా వచ్చేశాయి, అమెరికాలో కెనడీ-నిక్సన్ డిబేట్ల తర్వాత సరిగ్గా యాభై ఏళ్లకి.

అటు అమెరికాలో ఎదురు ప్రశ్నలు తెద్దామనుకున్నవాళ్లు లేకపోలేదు. మంత్రులు సభకి వచ్చి జవాబు చెప్పాలని 1864లోనే జార్జ్ పెండిల్టన్ బిల్లు పెట్టాడు, పాస్ కాలేదు. గెలిస్తే బ్రిటిష్ ప్రధానిలా కాంగ్రెస్ ముందు ప్రశ్నలకి నిలబడతానని 2008లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మెకెయిన్ అన్నారు, ఓడిపోయారు. 2010 జనవరి 29న బాల్టిమోర్‌లో రిపబ్లికన్ ఎంపీల సమావేశానికి ఒబామా వెళ్లి, కెమెరాల ముందు గంటకి పైగా వాళ్ల ప్రశ్నలకి ఒక్కొక్కటిగా జవాబిచ్చారు. రెండు పక్షాల వాళ్లూ తమ వాదన పూర్తిగా చెప్పుకోగలిగారు. తర్వాత అది ఆనవాయితీగా నిలబడలేదు.